ఒకటి-బి గదిలో మ్యూజియం

జూన్ 10, సోమవారం

నా మీద పుస్తకం రాయిస్తారట. సాయంత్రం టీ తాగుతూ అబ్బాయి గొంతు సవరించుకుని మరీ చెప్పాడు. బడికి కరస్పాండెంటు అయ్యాక వాడికి ఇంట్లో కూడా గొంతు సవరించుకోవడం అలవాటైంది.

"అమ్మా, మన బడికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. వ్యవస్థాపకురాలివి కదా, నీ జీవితచరిత్ర ఒకటి వేద్దాం. నీ పేరున ఒక చిన్న మ్యూజియం కూడా పెడదాం. వచ్చే నెల మొదట్లో ఉత్సవం."

"నేనింకా పోలేదురా," అన్నాను.

"అయ్యో, అవేం మాటలు అత్తయ్యా!" అంది కోడలు. ఆమే బడికి హెడ్‌మిస్ట్రెస్. తప్పు మాట వినగానే ముందు కనుబొమలు లేస్తాయి, తర్వాత నోరు లేస్తుంది.

నాకు ఇలాంటి ఆర్భాటాలు గిట్టవు. అట్ట మీద నేను పక్కకి తిరిగి నవ్వుతున్న పాత ఫోటో వేస్తే బాగుంటుంది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

కుటుంబ పత్రాలు కావాలట. నాకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో ఒకవైపు ఖాళీ ఉన్న కాగితం ఏదైనా బతికి బట్టకట్టిందా? యాభై ఏళ్ళుగా ప్రశ్నపత్రాలూ డిక్టేషన్ మాటలూ అన్నీ పాత కాగితాల వెనకవైపే రాశాను. మిగిలిపోయిన మా శుభలేఖల వెనక ఎక్కాలు. మామగారి వీలునామా నకలు వెనక నాలుగో తరగతి భూగోళం. మా ఆయన పెళ్ళికి ముందు రాసిన ఉత్తరాలది ఇంకో కథ. అప్పటికే నేను వేరే బడిలో టీచర్ని. చేతిలో ఎర్ర పెన్ను ఉండి, ఎదురుగా తప్పులు కనిపిస్తే ఊరుకోగలనా? దిద్ది, మార్కులు వేసి, ఆయనకే తిప్పి పంపేదాన్ని. పదికి ఆరు దాటలేదు ఎప్పుడూ. అయినా అవన్నీ దాచుకుని మరీ పెళ్ళి చేసుకున్నారు, పాపం.

అవన్నీ నా మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

జూన్ 11

మ్యూజియం ఏ గదిలో అని అడగడం మరిచిపోయాను.

జూన్ 12, బుధవారం

నా గదిలో!

ఒకటి-బి. నేను ఇప్పటికీ రోజూ పాఠం చెప్పే గది. మొదటి గంట నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా అక్కడే ఉంటాను. నల్లబల్ల నేలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది. పిల్లల చెయ్యి అందాలని మా ఆయన దగ్గరుండి అలా బిగించారు. అందరు టీచర్లూ పైన రాస్తే నేను వంగి రాస్తాను. గోడ పొడుగునా పిల్లల తలలు ఆని ఆని ఒక నూనె గీత పడింది. సున్నం వేస్తే పోతుంది, సెలవులయ్యాక మళ్ళీ వస్తుంది.

"బడి మొదలైన గది కదమ్మా, మ్యూజియం అక్కడుంటేనే అందం," అన్నాడు అబ్బాయి.

"మరి నా పిల్లలో?"

"ఒకటి-ఏలో కలిపేస్తాం."

"మరి నేనో?"

వాడు గొంతు సవరించుకున్నాడు. "నువ్వు హాయిగా విశ్రాంతి తీసుకో. ఎవరైనా పెద్దవాళ్ళు మ్యూజియం చూడ్డానికి వస్తే వచ్చి రెండు మాటలు చెబుదువుగాని."

అంటే నన్ను నా గదిలోంచి బయటికి పంపి, నా ఫోటోని లోపల కూర్చోబెడతారు. ఏం తెలివి! నాకేం కోపం లేదు. రాత్రి భోజనం చెయ్యలేదు, ఆకలి లేక.

మంచం మీద పడుకుని ఆలోచించాను. కాగితాలుంటేనే కదా మ్యూజియం. అవే లేకపోతే అద్దాల బీరువాల్లో ఏం పెడతారు, నా తలకాయా?

జూన్ 14, శుక్రవారం

నా చరిత్ర రాయడానికి రిపోర్టరు వచ్చాడు. నా మొదటి బ్యాచివాడే. పత్రిక ఉద్యోగం మానేసి ఇప్పుడు పెద్దవాళ్ళ జీవితాలు రాసి పెడుతున్నాడు. తల నెరిసింది, పొట్ట వచ్చింది, అయినా నా ఎదురుగా చేతులు కట్టుకునే కూర్చున్నాడు. చేతులు కట్టుకుంటే ఎలా రాస్తావురా అంటే అప్పుడు విప్పాడు.

"టీచర్, బడి పెట్టాలన్న స్ఫూర్తి మీకెలా కలిగింది?"

"రాసుకో. ఒకసారి రైల్లో పోతుంటే ఒక పెద్దాయన నా ఎదురుగా నిలబడి, అమ్మా, నువ్వు దిగాల్సిన చోటు ఇది కాదు, అన్నాడు. అప్పుడు నా కళ్ళు తెరుచుకున్నాయి."

గబగబా రాశాడు. "ఆహా! ఎవరు టీచర్ ఆ మహానుభావుడు?"

"టికెట్ కలెక్టరు."

పాపం, అది కూడా రాశాడు. తర్వాత కొట్టేశాడు. వాడి మొహం చూసి జాలేసి అసలు సంగతి చెప్పాను. అబ్బాయిని మూడు బళ్ళలో వేశాం. మూడు బళ్ళవాళ్ళూ వారం తిరక్కుండా చెయ్యి పట్టుకు తెచ్చి అప్పజెప్పారు. నేను పక్కన లేకపోతే ఏడుపు. మామూలు ఏడుపా? వాడు అందుకుంటే పక్క వీధి కుక్కలు అందుకునేవి. ఆఖరి హెడ్‌మాస్టరు, "తల్లీ, మీరే ఒక బడి పెట్టుకోండి, మమ్మల్ని వదిలెయ్యండి," అన్నాడు. ఆయన విసుగుతో అన్నాడు. నేను సలహాగా తీసుకున్నాను. మా ఇంటి ముందు గదిలో, అదే ఇప్పటి ఒకటి-బిలో, మావాణ్ణీ, వీధిలో దొరికిన ఇంకో ఎనిమిది మందినీ కూర్చోబెట్టి మొదలుపెట్టాను. ఆ ఎనిమిది మందిలో ఈ రిపోర్టరొకడు.

గుమ్మంలో దగ్గు వినిపించింది. అబ్బాయి.

"అది వద్దు సార్. 'విద్యాజ్యోతి వెలిగించాలన్న తపన' అని రాయండి."

"వాడి ఏడుపు కూడా జ్యోతిలాగే ఉండేదిరా, ఆర్పితే ఆరేది కాదు," అన్నాను. రిపోర్టరు నవ్వు దాచుకోవడానికి పెన్ను కింద పడేసి చాలాసేపు వెతికాడు.

"టీచర్, పాత కాగితాలేమైనా..."

"చెదలు పట్టేశాయి నాయనా," అన్నాను. చెదలకి నోరుంటే పరువునష్టం దావా వేసేవి.

జూన్ 17, సోమవారం

ఇవాళ పని పూర్తిచేశాను. ట్రంకు పెట్టెలోవన్నీ రెండు సంచుల్లో కుక్కి ఆయా చేత క్లాసుకి మోయించాను. "ఏంటమ్మగారూ ఇంత బరువు?" అంది. పాఠాలు, అన్నాను.

నా చేతికి తప్పించుకుని ఒకవైపు ఖాళీగా మిగిలిన కొన్నింటి మీద డిక్టేషన్ రాయించాను. రెండువైపులా నిండినవాటితో పడవలు, టోపీలు, పుస్తకాలకి అట్టలు. ముప్పై మంది పిల్లలకి వంశచరిత్ర మొత్తం సరిపోయింది, ఇంకా ఇద్దరు ముగ్గురు చాల్లేదని గొడవపడ్డారు.

మా క్లాసులో ఒకడున్నాడు, ఏం చెప్పినా ఎందుకు అంటాడు. వాడికి 'ఎందుకు' అనే పేరు పెట్టాను. శుభలేఖ చేతికివ్వగానే లేచాడు.

"టీచర్, ఇది ఎవరి పెళ్ళి?"

"నాదే."

"మీకు పెళ్ళయిందా? ఎందుకు?"

యాభై ఏళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న. కూర్చో, అన్నాను.

"అన్నీ ఇంటికి పట్టుకెళ్ళి అమ్మకి చూపించండి," అని చెప్పాను. పిల్లల కాగితం ఒకసారి ఇల్లు చేరితే మళ్ళీ ఎవరికైనా కనబడిందా? ఇక చూసుకోండి నాయనా మీ మ్యూజియం.

తర్వాత పిల్లలు పాఠం వరసగా చదువుతుంటే కుర్చీలో దిండుకి ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నాను. కళ్ళు మూస్తేనే తప్పులు బాగా దొరుకుతాయి. తెరిచేసరికి గంట కొట్టేశారు.

జూన్ 18, మంగళవారం

నాకు గట్టి అనుమానం. కోడలు పీరియడ్లు కుదించేసింది. నాతో ఒక్కమాట కూడా అనలేదు.

"అమ్మాయ్, పీరియడు ఎంతసేపు?"

"ఎప్పటిలాగే నలభై నిమిషాలు, అత్తయ్యా."

"నాకు పావుగంటే దొరుకుతోంది."

ఆమె అబ్బాయి వైపు చూసింది. అబ్బాయి పేపరు వైపు చూశాడు.

"క్లాసుకి వెళ్ళేముందు ఇంకో కప్పు టీ తాగి వెళ్ళండి, అత్తయ్యా."

మాట మార్చడంలో హెడ్‌మిస్ట్రెస్‌లందరూ ఒకటే. నేను మాత్రం ఆ కుర్చీలో కూర్చోలేదా ఏమిటి!

జూన్ 20, గురువారం

కొరివితో తల గోక్కున్నాను.

పొద్దున్నే బఠాణీ వాళ్ళమ్మ వచ్చింది. బఠాణీ మా క్లాసు లీడరు. గుండ్రంగా ఉంటుంది, గలగలమంటుంది. "టీచర్, మా పిల్ల టోపీ విప్పి చూస్తే మీ పెళ్ళి ఫోటో రసీదు! పారేస్తామా? తెచ్చేశాం." ఆమె వెనక ఇంకొకాయన, పడవ విప్పి ఇస్త్రీ చేసి మరీ తెచ్చాడు. మధ్యాహ్నానికి ఆఫీసు గది ముందు వరస కట్టారు. ఇల్లు చేరిన కాగితాలన్నీ తిరిగొచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి తప్పిపోలేదు. నా పిల్లలకి ఇంత బాధ్యత ఎవరు నేర్పారు? నేనే, ఇంకెవరు.

అంతటితో అయితే బాగుండు. "అవ్వ టీచర్ కాగితాలు పోగుచేస్తున్నారట" అని ఊరంతా పాకింది. ఇక పాత పిల్లలు బయల్దేరారు. ప్రోగ్రెస్ కార్డులు, యూనిఫాం టైలు, నేను జేబులో పెట్టి పంపిన చీటీలు. ఒకాయన మనవణ్ణి వెంటబెట్టుకొచ్చి తన మూడో తరగతి కార్డు చూపించాడు. "లెక్కల్లో సున్నా. కానీ సున్నా చాలా అందంగా చుట్టాడు," అని నా చేతిరాత. ఇంకొకామె ఇప్పుడు పెద్ద వకీలు. ఆమె కార్డు మీద, "మాట్లాడటం ఆపితే చదువు వస్తుంది. ఆపదు."

రిపోర్టరుకి రెక్కలొచ్చాయి. "టీచర్, చెదలు పట్టాయన్నారు కదా?"

"వదిలేశాయేమోరా, రుచించక."

జూన్ 24, సోమవారం

గెలిచాను!

బీరువాలు చేసే వడ్రంగి వచ్చి ఒకటి-బి కొలిచాడు. కాగితాల గుట్ట చూశాడు. మళ్ళీ గది కొలిచాడు. "ఇంత సరుకు ఈ గదిలో పట్టదండీ. పైగా ఈ బల్ల ఇంత కిందకుంది, బీరువా ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు. మేడమీద హాలు ఉంది కదా అన్నాడు రిపోర్టరు. అబ్బాయి తల గోక్కుని సరే అన్నాడు.

"అయ్యో, ఎంత పని జరిగింది! నా గదిలోనే ఉంటే బాగుండేది," అన్నాను. గొంతులో బాధ బాగా పలికింది. కోడలు నా వైపు అదోలా చూసింది. ఆమె మొహం వాడిపోయింది. ఓడిపోయినవాళ్ళకి ఉండే బాధే కదా అనుకున్నాను.

గదిలోకొచ్చి తలుపేసుకుని రెండు గంతులు వేశాను. మూడోదానికి మోకాలు ఒప్పుకోలేదు.

జూన్ 25, మంగళవారం

ఇక మిగిలింది పీరియడ్ల లెక్క. రేపు అలారం గడియారం క్లాసుకి పట్టుకెళ్తాను. గంటకీ గంటకీ మధ్య ఎంతసేపో సాక్ష్యంతో సహా కోడలి బల్ల మీద పెడతాను. రిపోర్టరు కూడా వస్తానన్నాడు, నేను పాఠం చెబుతుండగా ఫోటో తియ్యాలట. సాక్షి కూడా దొరికాడు.

జూన్ 26

ఇవాళ రాయను.

జూన్ 27, గురువారం

రాయకపోతే ఎవరికి చెప్పుకోను?

నిన్న మొదటి గంట కొట్టగానే అలారం పెట్టాను. పీరియడు సగంలో ఒకసారి మోగాలి. పిల్లలు చదువుతున్నారు. కళ్ళు మూసుకుని వింటున్నాను. తెరిచేసరికి ఎదురుగా చివరి బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, రిపోర్టరు. ముప్పై మంది మూతుల మీదా వేళ్ళు. నా గడియారం లేదు. ఎక్కడో సన్నగా, నూతిలోంచి వచ్చినట్టు మోగుతోంది. వెతికితే ఒక సంచిలో, రెండు స్వెట్టర్లలో చుట్టి ఉంది.

"ఎవరు దాచారు?" అన్నాను.

బఠాణీ లేచింది. "నేనే టీచర్. మీకు నిద్ర చెడుతుందని."

"నేను నిద్రపోవడమేమిటి?"

"రోజూ పోతారు కదా టీచర్. మాకు అలవాటే. మీరు పడుకోగానే మేం నిశ్శబ్దం ఆట ఆడతాం. గంట కొట్టే ముందు గట్టిగా చదువుతాం, అప్పుడు లేస్తారు."

రిపోర్టరు లేచి, "టీచర్, ఆలోచనలో ఉన్నట్టు ఫోటో భలే వచ్చింది," అన్నాడు. వెధవ. చిన్నప్పుడు కూడా అబద్ధం చెప్పడం వచ్చేది కాదు వాడికి.

సాయంత్రం కోడల్ని నా గదిలోకి పిలిచి తలుపు వేశాను.

"నిజం చెప్పు. ఎప్పట్నుంచి?"

ఆమె వచ్చి మంచం మీద నా పక్కన కూర్చుంది. నాకు భయం వేసింది. ఈమె ఎప్పుడూ నిలబడే మాట్లాడుతుంది.

"పోయినేడాది చివర్నుంచి, అత్తయ్యా. మొదట ఎప్పుడో ఒకసారి. ఇప్పుడు రోజూ. పోనీలే అనుకున్నాం. మొన్న బళ్ళు తెరిచిన వారంలో మీ 'ఎందుకు' గదిలోంచి బయటికి నడుచుకుంటూ గేటు దాకా వెళ్ళిపోయాడు. వాచ్‌మన్ చూశాడు కాబట్టి సరిపోయింది. ఎందుకెళ్ళావురా అంటే, కుక్క ఎటు పోతోందో టీచర్‌ని అడుగుదామంటే టీచర్ పడుకున్నారు, అందుకని నేనే చూడ్డానికెళ్ళాను, అన్నాడు."

గేటు బయట లారీలు తిరిగే రోడ్డు.

"మరి నాతో చెప్పరేం?"

"మీ అబ్బాయికి ధైర్యం చాల్లేదు. నేను చెబుతానంటే వద్దని నా చేతులు పట్టుకున్నారు. అమ్మకి ఆ మాట నేను చెప్పలేను, ఎవర్నీ చెప్పనివ్వను అన్నారు. వారం రోజులు తిరిగి తిరిగి, చివరికి మ్యూజియం అన్నారు. గది పోతే క్లాసు దానంతటదే పోతుందని."

పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళని చూశాను. పొమ్మనలేక మ్యూజియం పెట్టేవాణ్ణి నేనే కన్నాను.

నవ్వాలనుకున్నాను. ఏడుపొచ్చింది. సిగ్గేసింది, కానీ సిగ్గు కంటే ఆ పిల్లాడు గేటు దగ్గర నిలబడి ఉండటమే కళ్ళముందు కదిలింది. కోడలు నా వీపు నిమిరింది. ఆమె కూడా ఏడ్చింది, కానీ ముందు తలుపు గడియ పడిందో లేదో చూసి ఏడ్చింది. హెడ్‌మిస్ట్రెస్ కదా.

జూన్ 29, శనివారం

జ్వరమని చెప్పి బడికి వెళ్ళలేదు. జ్వరం లేదు. కోడలు ధర్మామీటరు పెట్టి చూసి, "అవునత్తయ్యా, చాలా ఉంది," అంది.

జులై 3, బుధవారం

ఉత్సవం అయింది. జనం మేడమెట్ల దాకా నిండిపోయారు. పుస్తకం అట్ట మీద నిద్రపోతున్న ఫోటోనే వేశారు, కింద "ఆలోచనామగ్నురాలు" అని రాసి. పక్కకి తిరిగి నవ్వుతున్న ఫోటో సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది.

నా ఉపన్యాసం అబ్బాయి రాసిచ్చాడు. మొదటి వాక్యంలోనే విద్యాజ్యోతి. మడిచి పక్కన పెట్టాను.

"యాభై ఏళ్ళు అరిచి గీపెట్టినా నా క్లాసు పది నిమిషాలు నోరు మూసుకుని ఉండలేదు," అన్నాను. "ఈ మధ్య నేను క్లాసులో నిద్రపోతున్నాను. నేను నిద్రపోతుంటే సూది పడితే వినబడుతుంది. ఈ కిటుకు ముందే తెలిసుంటే ఎన్నేళ్ళ గొంతు మిగిలేదో!"

హాలంతా నవ్వింది. నవ్వనిచ్చాను.

"ఇక నవ్వకండి. నేను నిద్రలో ఉండగా ఒక పిల్లవాడు గేటు దాకా వెళ్ళాడు. పిల్లలు నన్ను కాపాడుకున్నారు. నేను వాళ్ళని కాపాడలేదు. టీచరన్నాక అది తిరగబడకూడదు. రేపట్నుంచి ఒకటి-బి మా కోడలిది. ఆమె ఈ బడికి మొదట వచ్చింది టీచరుగానే, కోడలిగా తర్వాత."

కోడలి కనుబొమలు లేచాయి. నోరు మాత్రం లేవలేదు. ఆమెకి ఈ సంగతి ముందు చెప్పలేదు మరి. పీరియడ్లు కుదించకపోయినా కుదించిందని అనుమానించాను కదా, ఆ బాకీ ఇలా తీర్చాను.

"మా అబ్బాయి గురించి ఒక్క ముక్క. నేను పక్కన లేకపోతే ఏడుస్తాడని వీడి కోసం బడి పెట్టాను. ఇప్పుడు నన్ను పక్కన పెట్టాల్సొచ్చింది. ఏడవడానికి పెద్దవాడైపోయాడు కదా, అందుకని మ్యూజియం పెట్టాడు."

పెద్దవాడైపోయాడనుకున్నాను. కాలేదు. కరస్పాండెంటుగారు వేదిక మీద, అంతమంది ముందు, కుర్చీలో కూర్చుని బావురుమన్నాడు. అదే ఏడుపు, రాగం కూడా మారలేదు. దగ్గరికెళ్ళి తల పట్టుకుని పొట్టకి ఆనించుకున్నాను. "ఊరుకో నాన్నా, అమ్మ ఎక్కడికీ పోలేదు," అన్నాను. మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని తర్వాత తెలిసింది.

పుస్తకంలో కొన్ని తప్పులున్నాయి. ఎర్ర పెన్నుతో దిద్ది రిపోర్టరుకి తిప్పి పంపాను. పదికి ఏడు. మా ఆయన చూస్తే కుళ్ళుకునేవారు.

జులై 4, గురువారం

ఇవాళ నాకు క్లాసు లేదు.

అయినా అలవాటు కొద్దీ పొద్దున్నే తయారై కూర్చున్నాను. మొదటి గంట విన్నాను. రెండోది విన్నాను. మూడోది, నాలుగోది కూడా. కోడలు చెప్పింది నిజమే, పీరియడు నలభై నిమిషాలే. ఎంత పొడుగో! భోజనాల గంట కొట్టేదాకా, క్లాసులోంచి ఇంటికి తెప్పించుకున్న అదే కుర్చీలో, అదే దిండు ఆనుకుని కూర్చున్నాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ చదవడం లేదు. కళ్ళు కూడా మూసుకుని చూశాను.

ఒక్క కునుకు పట్టలేదు.